ఇసుక బస్తా ఆపింది, బురద బస్తా ఆపలేదు: డెల్టా పట్టణంలో ఒక కాపలా మోర్చా పరీక్ష

కోనసీమ అంచున ఉన్న ఒక పట్టణం. అక్కడి బ్యాంకు కరెన్సీ చెస్ట్ (నోట్ల నిల్వ ఉంచే చోటు) ముందు, రేకుల పందిరి కింద ఒక మోర్చా, అంటే కాపలావాడు వెనక నిలబడే అడ్డుగోడ, ఉంది. సిమెంటు సంచుల్లో మట్టి నింపి, నడుము ఎత్తున రెండు వరసలు పేర్చారు. రెండు వర్షాకాలాలు చూసిన మోర్చా అది. యాజమాన్యం రెండు ప్రశ్నలు అడిగింది. ఇది బుల్లెట్‌ని ఆపుతుందా? ఆపకపోతే దగ్గర్లో దొరికే సామాన్లతోనే, అంటే పాత బీరువాలు, రికార్డు కట్టలు, నీళ్ళ డ్రమ్ములు, ఎదుటి మిల్లులోని ధాన్యం బస్తాలు, కొబ్బరి మొద్దులతోనే సరిపెట్టుకోవచ్చా?

రెండో ప్రశ్నకి జవాబు తొందరగానే తేలింది. మొదటి ప్రశ్న చూడ్డానికి తేలిక, తేల్చడానికి అదే చాలాసేపు పట్టింది. అందుకే ఈ రాతలో ఎక్కువ భాగం మట్టి సంచుల గురించే.

ముందే ఒక మాట. ఇది ఒంటికి తొడుక్కునే జాకెట్ల పరీక్ష కాదు. జాకెట్లకి ఐఎస్ 17051:2018 ప్రమాణం ఉంది, వాటిని పరీక్షించే ప్రయోగశాలలు వేరు. ఇక్కడ చూసింది నేల మీద కదలకుండా ఉండే అడ్డుగోడ ఒక్కటే. కాల్పులన్నీ సాయుధ రిజర్వు ఫైరింగ్ రేంజ్‌లో, ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్ సమక్షంలో జరిగాయి. పేల్చిన ప్రతి రౌండుకీ, అంటే ప్రతి తూటాకీ, మిగిలిన ఖాళీ తొడుగు లెక్క అప్పజెప్పాకే గేటు దాటనిచ్చారు. 1959 ఆయుధాల చట్టం ఉన్న దేశంలో ఈ పని పెరట్లో చేసుకునేది కాదు.

ఏ తుపాకీ, ఎంత బలం

నాలుగు రకాల రౌండ్లు తీసుకున్నాం. 9 మి.మీ. పిస్టల్ బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకి 390 మీటర్ల దరిదాపు, శక్తి 600 జౌళ్ళు. ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56 మి.మీ. బుల్లెట్ 4 గ్రాములే, కానీ 900 మీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి 1,600 జౌళ్ళు. ఏకే రైఫిల్ వాడే 7.62×39 (మొదటి అంకె బుల్లెట్ లావు, రెండోది తూటా తొడుగు పొడవు, మిల్లీమీటర్లలో) బుల్లెట్ 7.9 గ్రాములు, 715 మీటర్లు, 2,000 జౌళ్ళు. ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ వాడే 7.62×51 బుల్లెట్ 9.5 గ్రాములు, 840 మీటర్లు, 3,300 జౌళ్ళ పైమాటే.

పిస్టల్‌కీ ఎస్‌ఎల్‌ఆర్‌కీ మధ్య తేడా అయిదు రెట్లు దాటుతోంది. "బుల్లెట్ ఆపుతుందా" అని ఎవరైనా అడిగితే "ఏ బుల్లెట్?" అని ఎదురడగాల్సింది ఇందుకే. పిస్టల్‌తో ఒక పరీక్ష చేసి "ఆపింది" అని రాసిన కాగితాన్ని రైఫిల్‌కి అన్వయించుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

పిస్టల్‌ని 10 మీటర్ల నుంచి, రైఫిళ్ళని 25 మీటర్ల నుంచి పేల్చాలనుకున్నాం. రైఫిళ్ళ విషయంలో ఆ నిర్ణయం తప్పని తర్వాత తేలింది. ఆ సంగతి కొబ్బరి మొద్దు దగ్గర వస్తుంది.

సాక్షి రేకు

దాటిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పకూడదు. అడ్డు వెనక 15 సెంటీమీటర్ల దూరంలో 0.5 మి.మీ. మందం అల్యూమినియం రేకు నిలబెట్టాలి. దీన్ని సాక్షి రేకు అంటాం. దానికి చిల్లు పడి, అందులోంచి వెలుతురు కనబడితే అడ్డు ఓడినట్టే. చిల్లు బుల్లెట్‌దా, ఎగిరిన ఇటుక ముక్కదా అన్నది అనవసరం. వెనకున్న మనిషి కంటికి ఆ తేడా తెలియదు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ (ఎన్‌ఐజే) ప్రమాణంలో ఈ రేకు 2024-టీ3 అనే గట్టి మిశ్రమలోహంతో చేస్తారు. బజార్లో దొరికే మెత్తటి అల్యూమినియం అంతకన్నా తేలిగ్గా చిరుగుతుంది. మన పరీక్షకి అది మంచిదే, తప్పు జరిగినా జాగ్రత్త వైపే జరుగుతుంది.

ఒక్కో అడ్డు మీద అయిదేసి రౌండ్లు పేల్చాం. దెబ్బకీ దెబ్బకీ కనీసం 5 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే రెండో బుల్లెట్ మొదటి దాని దారిలోనే దూరి ఫలితాన్ని పాడుచేస్తుంది. గురి చూసిన చోట తగలని రౌండుని లెక్క నుంచి తీసేశాం. క్రోనోగ్రాఫ్ పెట్టి ప్రతి రౌండు వేగం రాశాం. పాత మందు ఉన్న ఒక పెట్టె తూటాలు నెమ్మదిగా వెళ్తున్నాయని అందువల్లే తెలిసింది. ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టేశాం. నీరసపు తూటాతో చేసిన పరీక్ష అబద్ధపు ధైర్యాన్నిస్తుంది.

ఆఫీసు సామాను సంగతి

చెక్క బల్ల, కుర్చీ, తలుపు, పరుపు, ఫ్రిజ్: వీటి మీద రౌండ్లు దండగ చేయలేదు. స్టీలు బీరువా మీద మాత్రం పేల్చాం, ఎందుకంటే అందరి నమ్మకమూ దాని మీదే. బీరువా రేకు మందం మిల్లీమీటరు లోపే. ఖాళీ బీరువాని పిస్టల్ బుల్లెట్ కూడా ముందు నుంచి వెనక్కి దాటింది. తలుపు మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం, వెనక రేకు మీద పువ్వులా విచ్చుకున్న చిరుగు. అదే బీరువాలో రికార్డు కట్టలు వేలు దూరనంత బిగువుగా కుక్కితే పిస్టల్ బుల్లెట్ కాగితంలోనే ఆగింది. రైఫిల్ బుల్లెట్ ఆగలేదు. అంటే పిస్టల్‌ని ఆపింది కాగితం, ఇనుము కాదు.

ఆరు మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు ప్లేటు తెచ్చి పెడదామని ఒక ఆలోచన వచ్చింది. చదరపు మీటరు ప్లేటు 47 కిలోలు తూగుతుంది, చూస్తే ధైర్యం కలుగుతుంది. 25 మీటర్ల దూరంలో ఎస్‌ఎల్‌ఆర్ దాన్ని మొదటి రౌండుకే దాటింది. కవచానికి వాడే ఉక్కు వేరు, వేడిచేసి గట్టిపరిచినది. హైదరాబాద్‌లో మిధాని లాంటి సంస్థలు చేసే సరుకు అది, పైపుల షాపులో దొరికే ప్లేటు కాదు. ప్లేటుతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఏటవాలుగా తగిలిన బుల్లెట్ ముక్కలై ప్లేటు ముఖం వెంబడే చిమ్ముతుంది, పక్కన నిలబడ్డవాడికి తగులుతుంది.

గ్యాస్ సిలిండర్ మాట కూడా ఒకరు ఎత్తారు. పీడనం ఉన్న ఏ పాత్రనీ రేంజ్‌లోకి రానివ్వలేదు, మోర్చా దగ్గరకీ రానివ్వకూడదు.

నీలం డ్రమ్ము: 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, అడ్డకొలత 58 సెంటీమీటర్లు, నిండా నీళ్ళు. ఇక్కడ తమాషా ఏమిటంటే వేగంగా వచ్చే ఇన్సాస్ బుల్లెట్ నీళ్ళలో తుత్తునియలై ఆగిపోయింది. నెమ్మదిగా వచ్చే పిస్టల్ బుల్లెట్ ఆకారం చెడకుండా నీళ్ళన్నీ దాటి సాక్షి రేకుని తాకింది. నీటిని ఎంత వేగంగా కొడితే అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది, పలచని బుల్లెట్ ఆ దెబ్బకి తట్టుకోలేదు. చెరువులో బోర్లా పడ్డవాడి పొట్ట వాతలు తేలడం ఇలాంటిదే. ఆగినా లాభం లేకపోయింది. మొదటి రైఫిల్ దెబ్బకే మూత ఎగిరిపోయి డ్రమ్ము నిలువునా చీలింది. రెండో బుల్లెట్ వచ్చేసరికి అక్కడ మిగిలింది తడి నేల.

ధాన్యం బస్తా, కొబ్బరి పొట్టు

డెల్టాలో వాడుక బస్తా 75 కిలోలు. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. కానీ ధాన్యం గింజకీ గింజకీ మధ్య గాలే ఎక్కువ. క్యూబిక్ మీటరు ధాన్యం 550 నుంచి 600 కిలోలు తూగితే, అంతే చోటులో పొడి ఇసుక 1,600 కిలోలు తూగుతుంది. ఇసుక ఇచ్చే అడ్డుకి దగ్గరగా రావాలంటే ధాన్యం మూడింతల మందం కావాలి. ఒక వరస బస్తాలని ఏకే, ఎస్‌ఎల్‌ఆర్ రెండూ దాటాయి. చిల్లు పడిన చోటు నుంచి గింజ ధారగా కారి, పది నిమిషాల్లో బస్తా పైభాగం వదులై వంగింది. పైన పేర్చినవి దాని మీదికి ఒరిగాయి. మిల్లు గోడౌన్‌లో చిక్కుకున్నవాడు బస్తాల నిట్టుకి రెండు మూడు వరసల వెనక దాక్కోవడం వేరు, బస్తాలు తెచ్చి మోర్చా కట్టడం వేరు.

కొబ్బరి పొట్టు సంచులు తేలిగ్గా ఉంటాయి, చవక, పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడుంటాయి. తేలిగ్గా ఉన్నందుకే అవి పనికిరావు. నాలుగు సంచులు వరసగా పెట్టినా పిస్టల్ బుల్లెట్ సునాయాసంగా దాటిపోయింది.

కొబ్బరి మొద్దు దగ్గర చేసిన తప్పు

ముదురు కొబ్బరి కాండం, 30 సెంటీమీటర్ల అడ్డకొలత, కోసి మూడు వారాలు ఆరింది. కొబ్బరి కర్రని రంపం పెట్టినవాళ్ళకి దీని గుణం తెలుసు. పైనున్న రెండంగుళాలు నల్లటి గట్టి చారలతో రంపం పళ్ళు అరగదీస్తాయి, లోపలి గుండె మాత్రం బెండులా మెత్తగా ఉంటుంది. పిస్టల్ బుల్లెట్లు అయిదూ మొద్దులోనే ఉండిపోయాయి. ఎస్‌ఎల్‌ఆర్‌తో 25 మీటర్ల నుంచి పేల్చితే అయిదింట్లో రెండు లోపలే ఆగాయి. దీంతో "రెండు మొద్దులు వరసగా పెడితే చాలు" అనే మాట నోట్సులోకి ఎక్కింది.

మరుసటి వారం అదే మొద్దుల మీద 100 మీటర్ల నుంచి పేల్చాం. దూరం పెరిగింది, వేగం తగ్గింది, కాబట్టి ఇంకా తేలిగ్గా ఆగాలి. అయిదూ దాటాయి. జంటగా పెట్టిన మొద్దుల్లో కూడా రెండోదాని వెనక తొక్క చీలింది.

కారణం బొంగరంలో ఉంది. తాడు లాగి వదిలిన క్షణంలో బొంగరం తూలుతుంది, కాసేపటికి కుదురుకుని కదలనట్టు నిలబడి తిరుగుతుంది. రైఫిల్ బుల్లెట్ కూడా అంతే. గొట్టం దాటిన మొదటి పదుల మీటర్లలో దాని తోక కొంచెం ఊగుతూ ఉంటుంది. ఆ ఊపులో, ఆ అధిక వేగంలో కర్రకి తగిలితే అడ్డం తిరిగి, వంగి, ముక్కలై శక్తి పోగొట్టుకుంటుంది. 100, 200 మీటర్ల దగ్గర కుదురుకుని, ముక్కు ముందుకి పెట్టి, ఆకారం చెడకుండా సూటిగా దిగుతుంది. అమెరికా సైన్యం పట్టణ పోరాటాల కోసం అచ్చువేసిన పట్టికలో ఈ సంగతే అంకెల్లో ఉంది. 7.62×51 బుల్లెట్ పైన్ చెక్కలో 25 మీటర్ల దగ్గర 13 అంగుళాలు దిగితే, 100 మీటర్ల దగ్గర 18, 200 మీటర్ల దగ్గర 41 అంగుళాలు దిగుతుంది. పొడి ఇసుకలో అదే బుల్లెట్ వరసగా 5, నాలుగున్నర, 7 అంగుళాలు. ఇసుక దగ్గర తేడా రెండున్నర అంగుళాలకి మించలేదు, కర్ర దగ్గర మూడింతలైంది.

నోట్సులో రెండు మొద్దుల మాట కొట్టేశాం. అప్పటి నుంచి ప్రతి అడ్డునీ 25, 100 మీటర్లు రెండింటి నుంచీ పేల్చాం, ఎక్కువగా దిగిన అంకెనే లెక్కలోకి తీసుకున్నాం. పాత మోర్చా ముందున్న వీధి పొడవు 100 మీటర్లకి పైనే అని అప్పుడే ఎవరో గుర్తుచేశారు. ఆ కొలత మొదటి రోజే రాసుకోవాల్సింది.

పాత మోర్చా బస్తాలు

ఉన్న మోర్చా నుంచి పై వరసలో పన్నెండు, అడుగు వరసలో పన్నెండు సంచులు ట్రాక్టరులో రేంజ్‌కి చేర్చి, అక్కడ ఉన్నది ఉన్నట్టే పేర్చాం. ఎస్‌ఎల్‌ఆర్, 100 మీటర్లు. పై వరస సంచుల్లో కొన్ని ఆపాయి, కొన్ని ఆపలేదు. అడుగు వరసలో మొదటి సంచి ఒక్కసారీ ఆపలేదు. బుల్లెట్లు రెండో సంచిలోకి దూరాయి. ఒకటి రెండో సంచి కూడా దాటి రేకుని చీల్చింది. ఒకే గోడ, ఒకే సంచులు, ఇన్ని రకాల ఫలితాలు.

సంచులు తూచితే ఇంకా అయోమయం. ఓడిపోయిన అడుగు సంచులే ఎక్కువ బరువు, 42 నుంచి 45 కిలోలు. ఆపిన పై సంచులు 38 కిలోలు. బరువుంటే ఆపుతుందన్న లెక్క ఇక్కడ తలకిందులైంది.

బ్లేడుతో అడుగు సంచి పొట్ట కోశాం. లోపల ఇసుక లేదు. నల్లటి బంకమట్టి, ముద్దగా, కోసిన చోట నిగనిగలాడుతూ ఉంది. బుల్లెట్ వెళ్ళిన దారి చెక్కుచెదరకుండా కనిపించింది. లోపలికి పోయేకొద్దీ వెడల్పై, మధ్యలో పిడికిలి పట్టేంత గుహ, మళ్ళీ సన్నబడి వెనక గుడ్డలోంచి బయటికి. గుహ గోడలు వేలితో అలికినట్టు నున్నగా ఉన్నాయి. పక్కనే ఆపిన సంచి కోస్తే దారే లేదు, ఇసుక ఎప్పుడో కూలి పూడ్చేసుకుంది. టార్పాలిన్ మీద కొంచెం కొంచెంగా ఒంపుతూ స్కేలుతో కొలుచుకుంటూ పోతే, ముఖం నుంచి 12, 13 సెంటీమీటర్ల దగ్గర ఇసుక రంగు మారింది. గోధుమ ఇసుక మధ్యలో ముగ్గుపిండి లాంటి తెల్లటి పొడి. జల్లెడ పడితే అందులోంచి చిరిగిన రాగి తొడుగూ, సీసం రేకలూ వచ్చాయి.

ఆ తెల్ల పొడిలోనే తేడా అంతా ఉంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బుల్లెట్ ముందుకి రావాలంటే రేణువుల్ని పిండి చేయాలి, రాపిడిలో తన తొడుగు తానే చింపుకోవాలి. శక్తి అక్కడే ఖర్చవుతుంది. తడి బంకమట్టిలో రేణువుల మధ్య నీరు నూనెలా పనిచేస్తుంది. మట్టి ఎదిరించదు, పక్కకి తప్పుకుంటుంది. బరువుంది, పట్టు లేదు.

సంచులు నింపిన మేస్త్రీని అడిగితే జవాబు సూటిగానే వచ్చింది. "ఆయ్, పైన పేర్చినవి ఇసుకేనండి. కిందవి కాలవ కట్టేసినప్పుడు తీసిన పూడికండి. గోడలో ఉండేదే కదా అనుకున్నాం." ఇందులో దాపరికం ఏమీ లేదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే రోజుల్లో గట్ల మీద ఆ మట్టి ఊరికే దొరుకుతుంది. గోదావరి ఇసుకకి రీచ్ నుంచి బండి కట్టాలి. ఒప్పంద కాగితంలో "మట్టి లేదా ఇసుక నింపిన సంచులు" అని రాసి ఉంది. ఆ ఒక్క "లేదా" ఎంత పని చేసిందో కోసిన సంచి చూస్తే తెలిసింది.

తడి ఇసుక చేసే మోసం

బంకమట్టి వద్దనగానే అందరూ ఇసుక అంటారు. ఇసుకలోనూ ఒక గొయ్యి ఉంది. కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది. కాంక్రీటు కలిపేవాళ్ళు దీన్నే బల్కింగ్ అంటారు. అయిదారు శాతం తేమ దగ్గర రేణువుల చుట్టూ నీటి పొర పట్టి, వాటిని దూరదూరంగా నిలబెడుతుంది. అదే ఇసుక 20 నుంచి 30 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రీచ్ నుంచి దిగిన ఇసుకని దిగినట్టే పారతో ఎత్తి, గుర్తు గీసిన చోటు దాకా సంచి నింపితే చూపుకి నిండుగానే ఉంటుంది, లోపల అయిదో వంతు ఇసుక తక్కువ. పొడి ఇసుకతో 40 కిలోలు పట్టే సంచి ఉబ్బిన ఇసుకతో 33, 34 కిలోల దగ్గర ఆగిపోతుంది.

ఎండబెట్టిన ఇసుకకి ఇంకో బలహీనత ఉంది. చిల్లు పడితే గడియారంలో ఇసుకలా కారిపోతుంది. ఆరు రౌండ్లు అరచేయంత మేరలో తగిలిన సంచి పావుగంటలో మూడో వంతు ఖాళీ అయ్యింది. చెమ్మ ఉన్నది కారదు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. మేం పొడి ఇసుకే ఎంచుకున్నాం, కారే సమస్యని సంచిలోపల సంచితో తీర్చాం. లోపల గోనె, బయట నేసిన ప్లాస్టిక్. గోనె నార చిల్లు చుట్టూ కొంత మూసుకుంటుంది, ధార సన్నబడుతుంది. ఒంటరి గోనె ఈ చెమ్మ నేలలో కుళ్ళుతుంది, ఒంటరి ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి గోరుతో గీరితే పొడి రాలుతుంది. కలిస్తే ఒకదాని లోపం ఒకటి కాస్తుంది.

తేమ కొలవడానికి పరికరం కొననక్కర్లేదు. కిలో ఇసుక తూచి, ఇనప బాండీలో పొగ ఆగేదాకా వేయించి, చల్లారాక మళ్ళీ తూచాలి. 950 గ్రాములు వస్తే తేమ అయిదు శాతం పైచిలుకు, ఆ లోడు ఎండలో పరవాల్సిందే. మట్టి కలిసిందో లేదో తెలియడానికి గాజు సీసా చాలు. సగం ఇసుక, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు దాని మీద వేరే పొరగా కూర్చుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కట్టుబడి పనికే తీసుకోరు, మేమూ తీసుకోలేదు.

ఇటుక గోడ, సందులు

లంక మట్టితో కాల్చిన ఇటుకలు, సిమెంటు పాళ్ళు 1:6, 28 రోజులు తడిపిన పలకలు. నాలుగున్నర అంగుళాల గోడని ఎస్‌ఎల్‌ఆర్ మొదటి రౌండుకే దాటింది. వెనక్కి చిమ్మిన ఇటుక పెళ్ళలు రేకుని చిల్లులు పొడిచాయి. తొమ్మిదంగుళాల గోడ ఒక్కో రౌండుని వేర్వేరు చోట్ల ఆపింది. కానీ ఒకే చోట రౌండ్లు పడేకొద్దీ పుండు లోతయ్యి చివరికి తెరుచుకుంది. గోడకి అవతలి ముఖం కూడా రాలుతుంది, బుల్లెట్ రాకముందే ముక్కలు వస్తాయి.

పేర్పు గురించి ఒక్క సంగతి. పాత మోర్చాలో సంచి మీద సంచి నిట్టనిలువుగా పెట్టారు, సందులన్నీ ఒకే గీతలో ఉన్నాయి. నిండా బిగించి కుట్టిన సంచి దిండులా గుండ్రంగా ఉంటుంది. రెండు దిళ్ళ మధ్య మూలలో మిగిలేది గుడ్డ మడతా, గాలీ. ఆ గీత మీద గురిపెట్టిన మూడు రౌండ్లలో రెండు అసలు ఇసుకని తాకకుండానే పోయాయి. సంచిని ముప్పావు వంతే నింపి, మూతి మడిచి అడుగుకి వేసి, చెక్కతో కొట్టి ఇటుకలా చదును చేయాలి. పై వరస సంచి కింది సందు మీద పడాలి. ఒక వరస పొడుగ్గా, తర్వాతి వరస అడ్డంగా. గోడ ఎత్తు నాలుగడుగులైతే పైకి వచ్చేసరికి ఒక అడుగు లోపలికి వాలాలి.

చివరికి కట్టింది

నాలుగు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు. వీధి వైపు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సుమారు 550 ఇటుకలు. దాని లోపలి వైపు ఆనించి, సగటున అర మీటరు మందాన రెండు వరసల ఇసుక సంచులు. ఇటుక బయట ఉంటే వానా ఎండా సంచుల్ని తాకవు, సంచులు లోపల ఉంటే రాలిన పెళ్ళలు కాపలావాడి మొహానికి రావు. తిరగేసి కడితే రెండు లాభాలూ పోతాయి. సంచుల లెక్క ఇలా వేశాం: 4×1.2×0.5 అంటే 2.4 క్యూబిక్ మీటర్లు, 1,600తో గుణిస్తే 3,840 కిలోలు, 40 కిలోల చొప్పున 96 సంచులు, చినిగేవాటికి ఇంకో పది.

మొదట ఇదే మోర్చాని పోర్టికో డాబా మీద పెడదామన్నారు, వీధి అంతా కనబడుతుందని. 1.2 మీటర్ల ఇసుక కింద చదరపు మీటరుకి 1,920 కిలోల బరువు పడుతుంది. మనుషులు ఎక్కే డాబాకి ఐఎస్ 875 లెక్కలో వేసుకునే బరువు 1.5 కిలోన్యూటన్లు, అంటే 150 కిలోల చిల్లర. పన్నెండు రెట్లకి పైగా ఎక్కువ. ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది.

నేల మీదైనా డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. కాబట్టి అడుగు మట్టి తవ్వి, ఇసుక పరిచి, నీళ్ళు పెట్టి కుదించి, మీద నాలుగంగుళాల 1:4:8 కాంక్రీటు వేశాం. అంచున నీరు పోయే గాడి. చూపు కంత బయటి వైపు ఇరుకు, లోపలి వైపు వెడల్పు. చాలాచోట్ల దీన్ని తిప్పి కడతారు, అప్పుడది పక్కగా వచ్చిన బుల్లెట్‌ని కూడా గరాటులా లోపలికి జారుస్తుంది. కంత మీద దూలంగా ఇనప ప్లేటు వద్దన్నాం, రెండు తాటి దుంగలు వేసి వాటి మీద సంచులు నడిపాం.

ఇదే కొలతలతో రేంజ్‌లో మీటరు వెడల్పు నమూనా కట్టి నాలుగు రకాల రౌండ్లూ, రెండు దూరాల నుంచీ, సందుల మీదా పేల్చాం. తర్వాత ఇటుక ముఖం మీద రెండు రోజులు పైపుతో నీళ్ళు కొట్టి మళ్ళీ పేల్చాం. రెండుసార్లూ సాక్షి రేకు మీద గీత పడలేదు. ఇటుక దాటిన ఎస్‌ఎల్‌ఆర్ ముక్కలు మొదటి సంచిలోనే దొరికాయి.

తనిఖీకి పెట్టిన పద్ధతి చిన్నది. నెలకోసారి అడుగు వరస నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, మూల నుంచి ఒకటి తీసి తూచాలి. 38 కిలోలకి తగ్గితే సంచి మార్చాలి. 42 దాటితే నీరు పట్టినట్టు, పక్క సంచులు కూడా తీసి ఎండబెట్టాలి. తీసిన మూడింట్లో ఒకదాని మూతి విప్పి లోపల చెయ్యి పెట్టి చూడాలి.

మూడో నెల తనిఖీలో తూర్పు మూల అడుగు సంచి 29 కిలోలు తూగింది. బయట చిరుగు లేదు, తడి లేదు. పక్కకి జరిపితే గాడి వైపు నుంచి కాంక్రీటు కింద ఇసుక తొలిచి పందికొక్కు పెట్టిన బొరియ కనబడింది. అది రెండు పలకల అతుకు దగ్గర పైకి వచ్చి సంచి అడుగు కొరికింది, ఇసుక బొరియలోకి జారిపోయింది. సంచి మార్చి, అతుకుని సిమెంటుతో పూడ్చి, కాంక్రీటు అంచు చుట్టూ అడుగున్నర లోతున సన్న కంత ఇనప జాలీ దించారు. తూకం చిట్టాలో ఆ మూలకి ఇప్పుడు పదిహేను రోజులకోసారి అని రాసి ఉంది.